ఊరు మారాక వడపావ్: వెతకడం ఎలా, దొరకకపోతే చేసుకోవడం ఎలా

ముంబయిలో కొన్నేళ్లు ఉండి వచ్చినవాళ్లు కలిసినప్పుడల్లా ఒకే ప్రశ్న అడుగుతారు. ‘ఇక్కడ మంచి వడపావ్ ఎక్కడ దొరుకుతుందండీ?’ హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అడుగుతారు, విశాఖలో ఉన్నవాళ్లు అడుగుతారు, డల్లాస్ నుంచి ఫోను చేసినవాళ్లూ అడుగుతారు. నేను ముంబయి దాదర్‌లో తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసి హైదరాబాద్ వచ్చాను. మొదటి ఏడాదంతా ఇదే ప్రశ్నతో తిరిగాను. బోర్డు కనిపించిన చోటల్లా ఆగి కొన్నాను. తిన్న ప్రతిసారీ ఏదో తక్కువైందని తెలిసేది, ఆ తక్కువైనదేమిటో చెప్పలేకపోయేవాడిని. అది చెప్పగలిగిన రోజునుంచి వెతకడమూ సులువైంది, ఇంట్లో చేసుకోవడమూ సులువైంది. ఆ పద్ధతినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

పావ్ అనే మెత్తటి రొట్టె మధ్య బంగాళదుంప వడ పెట్టి ఇచ్చే ఈ వడపావ్ మనవాళ్లకు పరాయి తిండి కాదు. తెలంగాణ పల్లెల నుంచి కూలికి వెళ్లిన కమాఠీల పేరు మీదే ముంబయిలో కామాఠీపుర వెలిసింది. పాలమూరు, కరీంనగర్ వైపు నుంచి మిల్లుల్లోకి, భవన నిర్మాణంలోకి వెళ్లిన కుటుంబాలు ఎన్నో. దాదర్ స్టేషన్ బయట 1966లో అశోక్ వైద్య అనే ఆయన మొదటిసారి వడను పావ్‌లో పెట్టి అమ్మారని చెబుతారు. షిఫ్టు దిగి లోకల్ రైలు అందుకోవడానికి పరుగెత్తే మనిషికి ఒక చేత్తో తినగలిగే భోజనం అది. అలా తిన్నవాళ్లలో మన తాతలు, మేనమామలు కూడా ఉన్నారు. ఊరు వదిలాక దాన్ని వెతుక్కోవడం చిన్నతనమని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

మొదటి భాగం: వెతకడం

1. కరువైనదేమిటో కాగితం మీద రాయండి. వడపావ్ అంటే నాలుగు: పావ్, వడ, ఎండు వెల్లుల్లి కారం, వేడి. చివరిసారి మీ ఊళ్లో తిన్న వడపావ్‌ను గుర్తు చేసుకుని ఈ నాలుగింటికీ విడివిడిగా మార్కులు వేయండి. పావ్ తియ్యగా ఉందా? వడ చల్లారిందా? లోపల ఎర్రటి పొడి అసలు ఉందా? ‘బాగాలేదు’ అన్న మాటతో ఎక్కడికీ వెళ్లలేం. ‘పావ్ బాగుంది, కారం లేదు’ అని తేలితే సగం పని అయిపోయినట్లే. కారం ఇంట్లో పావుగంట పని.

నా అనుభవంలో మన ఊళ్లలో పదింట ఎనిమిదిసార్లు తప్పేది పావ్. మన బేకరీల బన్ను టీలో ముంచుకోవడానికో వెన్న రాసుకోవడానికో పుట్టింది. అందులో పంచదార ఎక్కువ. ఇరానీ చాయ్‌తో బన్ మస్కాకు అది చక్కగా కుదురుతుంది. వడ పెడితే మాత్రం ఆ తీపి వెల్లుల్లి మీద పడి రెంటినీ చెడగొడుతుంది.

2. బోర్డును బట్టి కాక, మనుషులను బట్టి వెతకండి. మరాఠీ, గుజరాతీ కుటుంబాలు ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడ ఆ రుచి తెలిసి అడిగే కొనుగోలుదారులుంటారు. అడిగేవాళ్లుంటే అమ్మేవాడు జాగ్రత్తగా చేస్తాడు. హైదరాబాద్‌లో కాచిగూడ, సుల్తాన్ బజార్, బేగంబజార్ వీధులతో మొదలుపెట్టండి. ఉత్తర తెలంగాణలో ఉంటే పని ఇంకా తేలిక. ఆదిలాబాద్, బోధన్ వైపు మరాఠీ మాట్లాడేవాళ్లు ఊళ్లోనే ఉంటారు. విజయవాడలో వన్‌టౌన్ మార్వాడీ వ్యాపారులను అడగండి. విశాఖలో దేశం నలుమూలల నుంచి వచ్చిన నౌకాదళ కుటుంబాలు ఉండే పేటలు చూడండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మీ దగ్గర్లోని మహారాష్ట్ర మండలి (మరాఠీవాళ్ల సంఘం) కార్యక్రమాలు కనుక్కోండి. మన ఉగాది రోజే వాళ్ల గుడి పాడ్వా. ఆ వారంలోనూ వినాయక చవితి రోజుల్లోనూ జరిగే సభల దగ్గర ఇళ్లలో చేసి తెచ్చిన వడపావ్ అమ్ముతుంటారు. హోటల్‌లో దొరకని రుచి అక్కడ దొరకవచ్చు. చేసిన ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడితే పావ్ ఎక్కడ కొన్నారో కూడా చెబుతారు. అది ఇంకా విలువైన సమాచారం.

3. కొనే ముందు రెండు నిమిషాలు నిలబడి చూడండి. చూడవలసినవి ఇవి:

పావ్‌లు ఒకదానికొకటి అతుక్కున్న పలకలా ఉన్నాయా? ముంబయిలో దీన్నే లాదీ పావ్ అంటారు. మన ఎదుటే విరిచి ఇస్తే పక్కలు మెత్తగా, పోగులు పోగులుగా ఉంటాయి. విడివిడిగా గుండ్రంగా కాల్చి, నువ్వులు చల్లిన బన్ను కనిపిస్తే అది వేరే తిండి అనుకోండి.

వడలు బాణలిలోంచి వస్తున్నాయా, అద్దాల పెట్టెలోంచి వస్తున్నాయా? సాయంత్రం నాలుగున్నర, ఏడు గంటల మధ్య వెళితే కొత్త వాయి దొరుకుతుంది. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి రుచిని తేల్చేయకండి.

ఎర్రటి పొడి ఉన్న డబ్బా కనిపిస్తోందా? లేకపోతే అడగండి. ‘సుకీ చట్నీ ఉందా?’ అన్న ఒక్క ప్రశ్నతో చాలా తెలుస్తుంది. దుకాణదారుకు ఆ మాటే అర్థం కాకపోతే ఆ వడపావ్ ఆకలి తీర్చవచ్చు, బెంగ తీర్చదు.

మయోనైజ్, చీజ్, క్యాబేజీ తురుము వేస్తుంటే ‘అవి లేకుండా ఇవ్వండి’ అని ముందే చెప్పండి. ఇష్టపడి తినేవాళ్లను తప్పుపట్టడం లేదు. మీరు వెతుకుతున్నది అది కాదు, అంతే.

4. బాగున్న భాగాన్ని విడిగా కొనండి. ఇది చాలామందికి తట్టదు. ఒక చోట వడ బాగుంటే వడలే కొనండి. ఇంకో బేకరీలో పావ్ బాగుంటే పలక కొనుక్కోండి. కారం ఇంట్లో చేసిపెట్టుకోండి. ఆరు నెలలు నేను అలాగే తిన్నాను. వడలు తెచ్చే దూరం పావుగంట దాటితే మాత్రం మూత పెట్టిన డబ్బాలో తేకండి, ఆవిరికి పైపొర ఊడిపోతుంది. కాగితపు సంచిలో మూతి తెరిచి తెచ్చి, ఇంట్లో పెనం మీద నూనె లేకుండా సన్నని మంటపై అటూ ఇటూ వేడి చేయండి.

5. ముంబయి నుంచి ఎవరైనా వస్తుంటే ఏమి తెప్పించుకోవాలి? వడలు అడగకండి. ఎండు వెల్లుల్లి కారం అడగండి, పావ్ అడగండి. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే మరునాడు మధ్యాహ్నానికి హైదరాబాద్ చేరతారు. అప్పటికి పావ్ చెడదు, కాస్త గట్టిపడుతుంది. దాన్ని ఎలా మెత్తబరచాలో కింద చెబుతాను. పావ్‌ను వేడిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ సంచిలో కట్టించవద్దని వచ్చేవాళ్లకు గట్టిగా చెప్పండి. చెమ్మ పట్టి ఎండాకాలంలో ఒక్కరోజులో బూజు వస్తుంది.

రెండో భాగం: చేసుకోవడం

దొరకనివాళ్ల కోసం ఈ భాగం. దొరికినవాళ్లు కూడా కారం వరకైనా చేసి చూడండి.

కావలసినవి (తొమ్మిది వడపావ్‌లకు)

పావ్‌కు: మైదా 300 గ్రాములు, గోరువెచ్చని పాలు 120 మి.లీ., నీళ్లు 80 మి.లీ., ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు, పంచదార ఒక టేబుల్ స్పూను, ఉప్పు ఒక టీస్పూను, మెత్తటి వెన్న 30 గ్రాములు.

వడకు: బంగాళదుంపలు అరకిలో, పచ్చిమిర్చి ఐదారు, అంగుళం అల్లం, వెల్లుల్లి పది రెబ్బలు, ఆవాలు, ఇంగువ, కరివేపాకు, పసుపు అర టీస్పూను, గుప్పెడు కొత్తిమీర, అర చెక్క నిమ్మరసం, ఉప్పు.

తోపుకు (వడను ముంచే జారు పిండికి): శనగపిండి 150 గ్రాములు, చిటికెడు వంటసోడా, కొద్దిగా పసుపు, ఉప్పు, కాగిన నూనె ఒక టేబుల్ స్పూను, నీళ్లు సుమారు 150 మి.లీ.

ఎండు కారానికి: వెల్లుల్లి పదిహేను రెబ్బలు, ఎండుకొబ్బరి తురుము అర కప్పు, వేరుశనగ గింజలు రెండు టేబుల్ స్పూన్లు, కశ్మీరీ మిరపపొడి రెండు టీస్పూన్లు, ఉప్పు.

పక్కన: పొడవాటి పచ్చిమిర్చి, కొత్తిమీర పచ్చడి. వేయించడానికి నూనె.

6. పావ్ పిండి కలపండి. పాలు, నీళ్లు, పంచదార, ఈస్ట్ కలిపి పది నిమిషాలు ఉంచండి. పైన నురగ రావాలి. రాకపోతే అక్కడే ఆగిపోండి. ఈస్ట్ చచ్చిపోయింది, ఆ తర్వాత ఎంత శ్రమించినా పిండి పొంగదు. పాలు వేలు పెడితే చురుక్కుమనేంత వేడిగా ఉన్నా ఇదే జరుగుతుంది. పసిపిల్లలకు పట్టే పాల వేడి సరిగ్గా సరిపోతుంది.

ఇందులో మైదా, ఉప్పు వేసి కలిపి, చివర వెన్న చేర్చి పన్నెండు నిమిషాలు పిసకండి. మొదట చేతికి విపరీతంగా అంటుకుంటుంది. అందరూ ఇక్కడే భయపడి పొడి మైదా చల్లుతారు. చల్లకండి! చపాతీ పిండిలా గట్టిగా ఉంటే పావ్ కూడా గట్టిగానే వస్తుంది. చేతికి నూనె రాసుకుని పిసుకుతూ పోతే ఎనిమిదో నిమిషానికి పిండి తనంతట తానే గిన్నెను వదులుతుంది.

పిండి సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి: నిమ్మకాయంత ముద్ద తీసుకుని రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా సాగదీయండి. చిరగకుండా, అవతలి వెలుతురు కనిపించేంత పలచటి పొరలా సాగితే చాలు. చిరిగితే ఇంకో మూడు నిమిషాలు పిసకండి.

7. పొంగనివ్వండి. తడిగుడ్డ కప్పి రెట్టింపు అయ్యేవరకు ఉంచండి. మన వేసవిలో నలభై నిమిషాలు చాలు, చలికాలంలో గంటన్నర కూడా పడుతుంది. గడియారాన్ని నమ్మకండి, పిండిని చూడండి. వేలితో గుచ్చితే గుంట మెల్లగా, సగం మాత్రమే పూడాలి.

8. ఉండలు చేసి పేర్చండి. అరవై గ్రాముల చొప్పున తొమ్మిది ఉండలు చేసి, ఇరవై సెంటీమీటర్ల చదరపు పళ్లెంలో మూడు వరుసలుగా పెట్టండి. ఉండకూ ఉండకూ మధ్య వేలు పట్టేంత సందు మాత్రం వదలండి. పొంగి ఒకదాన్నొకటి ఒరుసుకుంటేనే పక్కలు మెత్తగా ఉంటాయి. దూరదూరంగా పెడితే చుట్టూ పెచ్చు కడుతుంది, మళ్లీ బన్ను అయిపోతుంది. అరగంట, నలభై నిమిషాలు రెండోసారి పొంగనిచ్చి పైన పాలు రాసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 190 డిగ్రీల సెల్సియస్ వద్ద పద్దెనిమిది నుంచి ఇరవై నిమిషాలు కాల్చండి. తీయగానే వెన్న రాసి తడిగుడ్డ కప్పండి. గుడ్డ మరిచిపోతే పైభాగం గట్టిపడుతుంది.

ఓవెన్ లేకపోతే: మందపాటి పెద్ద గిన్నెలో గుప్పెళ్లకొద్దీ రాళ్ల ఉప్పు పరిచి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడెక్కించండి. పావ్ పళ్లెం లోపల పెట్టి సన్నని మంట మీద అరగంట ఉంచండి. పైన రంగు రాదు. రుచికి లోటుండదు.

చేసే ఓపిక లేకపోతే: తీపి లేని మెత్తటి పావ్ మీ ఊరి బేకరీలో ముందుగా చెప్పి చేయించుకోవచ్చు. ‘పంచదార సగం చేసి, పలకలా కాల్చండి’ అంటే రెండు డజన్లకు తక్కువ కాకుండా చాలామంది ఒప్పుకుంటారు. నా మొదటి ప్రయత్నం ఇంటి దగ్గరి బేకరీలో చెడింది. తీపి తగ్గించారు, కానీ విడివిడిగా కాల్చారు. రెండోసారి పళ్లెంలో ఎలా పేర్చాలో కాగితం మీద గీసి ఇచ్చాను. అప్పుడు కుదిరింది. అమెరికాలో ఉన్నవాళ్లు భారతీయ దుకాణాల్లో గడ్డకట్టించి అమ్మే పావ్ తీసుకోండి. లేకపోతే తీపి లేని తెల్లటి డిన్నర్ రోల్స్ కొనండి. హవాయియన్ రోల్స్ చూడటానికి అచ్చం లాదీ పావ్‌లా ఉండి మోసం చేస్తాయి. అవి బాగా తీపి. గుడ్డు, వెన్న దండిగా పడే బ్రియోష్ కూడా వద్దు.

9. ఎండు వెల్లుల్లి కారం చేయండి. టీస్పూను నూనెలో వెల్లుల్లి రెబ్బలను అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడేవరకు సన్నని మంట మీద వేయించండి. తీసేసి, అదే బాణలిలో వేరుశనగలు, చివర ఎండుకొబ్బరి వేయించండి. కొబ్బరి ఒక్క క్షణంలో మాడుతుంది, కలుపుతూనే ఉండండి. అన్నీ పూర్తిగా చల్లారాక మిరపపొడి, ఉప్పు వేసి మిక్సీలో ఆపుతూ ఆపుతూ తిప్పండి. కచ్చాపచ్చాగా ఉండగానే ఆపేయాలి. వేడిగా ఉండగా తిప్పినా, ఎక్కువసేపు తిప్పినా కొబ్బరి, వేరుశనగల నూనె బయటికి వచ్చి ముద్దవుతుంది.

మనం ఇక్కడ చేసే పొరపాటు గుంటూరు మిరపపొడి అదే కొలతలో వేయడం. ఎరుపు కోసమని రెండు టీస్పూన్లు వేస్తే కారం తప్ప వెల్లుల్లి తెలియదు. గుంటూరు పొడే ఉంటే అర టీస్పూను వేయండి, రంగు తగ్గినా ఫర్వాలేదు. ఇడ్లీలోకి మనం చేసుకునే వెల్లుల్లి కారానికి ఇది దగ్గరి చుట్టమే. కానీ జీలకర్ర, చింతపండు ఇందులో పడవు. ఆ రెండూ పడితే చక్కటి మన కారం అవుతుంది, ముంబయి మాత్రం గుర్తుకు రాదు.

ఇంకొక సంగతి. వడలు వేయించడం మొదలుపెట్టే ముందు తోపు పిండిని వేళ్లతో నూనెలోకి జల్లి, కరకరలాడే పలుకులు తీసి ఈ కారంలో నలిపి కలపండి. ముంబయి బండ్ల దగ్గర దీన్ని చూరా అంటారు. నాకు తక్కువైన చివరి సంగతి ఇదేనని తెలియడానికి చాలా కాలం పట్టింది. కారం డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు బాగుంటుంది. చూరా మాత్రం ఏ పూటకు ఆ పూట కలపండి, నిలవుంటే మెత్తబడుతుంది.

10. వడ ముద్ద చేయండి. దుంపలు ఉడికించి, తొక్క తీసి, ఆవిరి పూర్తిగా పోయేవరకు ఆరబెట్టండి. ముక్కలు కోసి ఉడికిస్తే నీళ్లు పీల్చుకుంటాయి, అందుకే తొక్కతో నిండుగా ఉడికించాలి. చేత్తో మెదపండి. అక్కడక్కడా పలుకు తగలాలి, గుజ్జులా చేయకూడదు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి రోట్లో నలగ్గొట్టండి. టేబుల్ స్పూను నూనెలో ఆవాలు, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి, నూరినది వేసి పచ్చివాసన పోయేవరకు వేయించి, పసుపు వేసి దించండి. ఆ తర్వాతే దుంపలు, కొత్తిమీర, నిమ్మరసం, ఉప్పు.

ఉల్లిపాయ వేయకండి. మన ఆలూ బోండాకు అలవాటుపడిన చేయి ఉల్లిపాయ వైపే వెళుతుంది. దాని నీరు ముద్దను వదులు చేస్తుంది, దాని తీపి వెల్లుల్లిని మింగేస్తుంది. గరం మసాలా, ధనియాల పొడి కూడా వద్దు. ఈ వడ లోపల పసుపు పచ్చగా, శుభ్రంగా ఉండాలి.

విదేశాల్లో దుంపల ఎంపిక ముఖ్యం. అమెరికాలో రసెట్, బ్రిటన్‌లో మారిస్ పైపర్ లాంటి పిండిగా ఉడికే దుంపలు తీసుకోండి. ఎర్ర తొక్కతో జిగురుగా ఉండే చిన్న దుంపలు ముద్దకు పనికిరావు.

తొమ్మిది ఉండలు చేసి అరచేతితో కాస్త నొక్కండి. పూర్తి గుండ్రంగా ఉంటే పావ్‌లో నిలబడక జారిపోతాయి.

11. తోపు కలిపి వేయించండి. శనగపిండిలో నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండలు లేకుండా కలపండి. పూర్ణం బూరెలకు తోపు ఎంత చిక్కగా ఉండాలో మీకు తెలుసు. దానికంటే ఒక పిసరు పలచన. వేలు ముంచి తీస్తే వేలు కనిపించకూడదు, అలాగని ముద్దలా వేలాడకూడదు. కాగిన నూనె, సోడా చివర్లో కలపండి. బజ్జీల్లో వేసినట్లు బియ్యప్పిండి కలపవద్దు. కరకరలాడే పెంకు బజ్జీకి అందం. వడపావ్‌లో కొరికినప్పుడు ఆ పెంకు పగిలి వడ బయటికి జారిపోతుంది.

నూనె 175 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే ఒక చుక్క తోపు వేయండి. అడుగుకు వెళ్లి వెంటనే పైకి తేలాలి. అడుగునే ఉంటే నూనె కాగలేదు, వేసీ వేయగానే నల్లబడితే మితిమీరింది. ఒకేసారి మూడు, నాలుగు వడలకు మించి వేయకండి. మూడు నాలుగు నిమిషాల్లో బంగారు రంగు వస్తుంది. ముద్ద ముందే ఉడికినది కాబట్టి పైపొర వేగితే చాలు.

వడ నూనెలో విచ్చుకుపోతే రెండే కారణాలు: ముద్దలో తడి ఎక్కువ, లేదా తోపు అన్ని వైపులా పట్టలేదు. మొదటిదైతే ఉండలను పొడి శనగపిండిలో ఒకసారి దొర్లించి ముంచండి.

12. పచ్చిమిర్చి వేయించండి. ప్రతి కాయకూ పొడవుగా ఒక గాటు తప్పనిసరిగా పెట్టండి. గాటు లేని మిరపకాయ నూనెలో పేలి ముఖం మీదికి చిమ్ముతుంది. పిల్లలను పొయ్యి దగ్గరికి రానివ్వకండి. పైన తెల్లటి బొబ్బలు రాగానే తీసి ఉప్పు చల్లండి.

13. పేర్చండి. పావ్‌ను మధ్యలో కోయండి, ఒక అంచు అతుక్కునే ఉండాలి, పుస్తకంలా తెరుచుకోవాలి. ఒక వైపు కొత్తిమీర పచ్చడి పలచగా రాయండి. పచ్చడి జారుగా ఉంటే పావ్ నానుతుంది, అందుకే నూరేటప్పుడు నీళ్లకు బదులు నిమ్మరసంతో సరిపెట్టండి. రెండో వైపు ఎండు కారం ధారాళంగా చల్లండి. చింతపండు బెల్లం తీపి చట్నీ ఇష్టమైతే అర టీస్పూను వేసుకోండి. నేను వేసుకోను. వేడి వడ పెట్టి అరచేత్తో ఒక్కసారి నొక్కండి. పైపొర చిట్లి లోపలి ఆవిరి పావ్‌లోకి దిగుతుంది.

14. కాగితంలో చుట్టి రెండు నిమిషాలు ఆగండి. ఇంట్లో చేసినవాళ్లు దాదాపు అందరూ వదిలేసే మెట్టు ఇదే. బండి దగ్గర పొట్లం కట్టించుకుని స్టేషన్ మెట్లెక్కేలోపు జరిగే పని ఇది. వడ ఆవిరికి పావ్ మెత్తబడుతుంది, కారం ఆ చెమ్మను పీల్చుకుని పావ్‌కు పట్టుకుంటుంది. వార్తాపత్రికలో చుట్టవద్దు. అచ్చు సిరా వేడి నూనెకు తిండిలోకి దిగుతుంది, ఆహార భద్రతా సంస్థ కూడా దీన్ని వాడవద్దని హెచ్చరించింది. తెల్ల కాగితం కానీ ఎండు విస్తరాకు కానీ వాడండి.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి కొరుకుకు పావ్, వడ ఒకేసారి తెగాలి. పావ్‌ను లాగి తెంపవలసి వస్తే అది గట్టిగా ఉంది. కొరకగానే వడ వెనకనుంచి బయటికి వస్తే ఉండ పెద్దదైంది, లేదా తోపు పెంకులా వేగింది. ముందుగా తెలియవలసిన రుచి వెల్లుల్లి, తర్వాత దుంప, చివర కారం. నోట్లో మొదట కారమే మండితే మిరపపొడి తగ్గించండి, వెల్లుల్లి పెంచకండి. తిన్నాక గొంతు పట్టేసి నీళ్లు అడుగుతుంటే పచ్చడి చాలలేదు.

అన్నీ సరిగ్గా ఉన్నా ఇంకా ఏదో తక్కువగా అనిపిస్తే ఉప్పు చూడండి. బయటి వడల్లో మనం ఇంట్లో వేసేదానికంటే ఎక్కువ ఉప్పు ఉంటుంది. ఉత్త దుంప ముద్ద రుచి చూసినప్పుడు ‘కాస్త ఎక్కువైంది’ అనిపించాలి. తీపి లేని పావ్‌లో పడ్డాక సరిపోతుంది.

ముంబయి శాండ్‌విచ్ కోసం అడిగేవాళ్లకు

రొట్టె ముక్కల మధ్య దుంప, బీట్‌రూట్, కీరా, టొమాటో, ఉల్లిపాయ పేర్చి ఇచ్చే శాండ్‌విచ్ గురించి కూడా చాలామంది అడుగుతారు. అది చేయడం వడపావ్ కంటే చాలా తేలిక. దాదాపు అందరికీ ఒకే చోట చెడుతుంది: రొట్టె నానిపోతుంది. రెండు ముక్కలకూ అంచుల దాకా వెన్న రాయండి, ఆ తర్వాతే పచ్చడి. వెన్న అడ్డుగోడలా నిలిచి తడిని రొట్టెలోకి వెళ్లనివ్వదు. పచ్చడిలో గుప్పెడు పుట్నాలు వేసి నూరితే చిక్కగా నిలుస్తుంది. దుంప, బీట్‌రూట్ ముందురోజే ఉడికించి ఫ్రిజ్‌లో పెడితే రూపాయి బిళ్లంత పలచగా, విరగకుండా తెగుతాయి. ప్రతి పొర మీదా మసాలా చల్లాలి. వేయించిన జీలకర్ర, సోంపు, మిరియాలు, చిన్న దాల్చినచెక్క ముక్క, నల్ల ఉప్పు, ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి) కలిపి పొడి చేస్తే అదే మసాలా. పొయ్యి మీద పెట్టే చేతి టోస్టర్ లేకపోతే అట్ల పెనం మీద వెన్న వేసి, శాండ్‌విచ్ పెట్టి, దాని మీద నీళ్లు నింపిన బరువైన గిన్నె ఉంచండి. కోశాక పైన సన్న కారప్పూస చల్లండి.

మిగిలిన పావ్ సంగతి

చల్లారిన పావ్‌లను పలకగానే ఉంచి, గాలి చొరని సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే మూడు, నాలుగు వారాలు ఆగుతాయి. ఫ్రిజ్‌లో పెట్టకండి, అక్కడ బయటికంటే త్వరగా గట్టిపడతాయి. వాడుకునే రోజు బయట గంటసేపు వదిలేసి, ఇడ్లీ పాత్రలో గుడ్డ పరిచి ఒక్క నిమిషం ఆవిరి పట్టండి. రెండో నిమిషం దాటితే తడిసి ముద్దవుతాయి. ముంబయి నుంచి రైల్లో వచ్చిన పావ్‌కూ ఇదే పద్ధతి. తీయగానే కోయకుండా అర నిమిషం ఆరనిచ్చి, ఈలోగా నూనె కాగిందో లేదో ఒక చుక్క తోపు వేసి చూసుకోండి.